గంట కొట్టని ఆదివారం

కాలేజీ సెమినార్ హాలు తాళాలు ఇరవై ఆరేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాయి. సభ ముగియడానికి ఐదు నిమిషాల ముందు ఇత్తడి గంట ఒకసారి కొడతాడు, సమయం కాగానే రెండోసారి. ఆ రెండో గంటకి మంత్రులు కూడా మాట సగంలో మింగి మైకు వదిలేశారు. అందుకే అందరికీ ఆయన గంటాయన. అసలు పేరు జీతం కాగితం మీదే ఉంటుంది.

ఆ శని, ఆదివారాలు విద్యార్థుల సెమినార్. ‘వ్యక్తి స్వేచ్ఛ, స్వేచ్ఛా మార్కెట్, హద్దు దాటని ప్రభుత్వం’ అని బోర్డు మీద పెద్దక్షరాల్లో రాశారు. అలవాటు కొద్దీ ఆయన కుర్చీలు వరసగా వేస్తుంటే నిర్వాహకురాలైన అమ్మాయి పరుగున వచ్చింది.

"వరసలు మీరెందుకు వేస్తున్నారు అంకుల్? ఎవరికి నచ్చిన చోట వాళ్లు వేసుకుంటారు. క్రమం దానంతటదే వస్తుంది."

వచ్చింది. నలభై కుర్చీలూ పనిచేసే రెండు ఫ్యాన్ల కిందికి చేరాయి. "చూశారా!" అని మురిసిపోయాడు ఉపన్యాసకుడు, ఫ్యాన్ లేని వేదిక మీద చెమటలు కక్కుతూ.

గంట సంగతీ తేల్చేశారు. గంట కొట్టి మనుషుల్ని లేపడం బలవంతమట. గంటాయన గంటని బీరువాలో పెట్టాడు. ఖాళీ చెయ్యి ఏం చేసుకోవాలో తోచక జేబులో దోపుకున్నాడు.

ఆదివారం నాలుగున్నరకి భార్య ఫోన్ చేసింది. ముందురోజే ఆమె కంటికి శుక్లం తీశారు. రెండో కన్నూ ఏళ్లుగా మసకే.

"ఐదున్నరకి కట్టు విప్పుతారట. ఎదురుగా మీరుండాలి. మా చెల్లెలి మొహం చూడ్డానికా నేను కన్ను కోయించుకుంది?"

"ఐదింటికి అయిపోతుంది. వచ్చేస్తా."

ఐదైంది. ఎవరూ లేవలేదు. సభ ముగిసిందని ప్రకటించే హక్కు ఎవరికుందని చర్చ మొదలైంది. ఓటు పెడదామని ఒకడన్నాడు. ఎక్కువమంది మాట తక్కువమంది మీద రుద్దడమూ బలవంతమేనని ఇంకొకడు లేచాడు, మాట్లాడి మళ్లీ కూర్చున్నాడు.

"అమ్మా, నేను ఆసుపత్రికి పోవాలి. మా ఆవిడకి కంటి కట్టు విప్పుతున్నారు."

"వెళ్లండి అంకుల్! మిమ్మల్ని ఎవరాపారు?"

ఆపింది జేబులోని తాళాలగుత్తి. హాల్లో ఏది పోయినా సంజాయిషీ ఆయనదే. ఐదుంబావుకి ఆయన గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"బలవంతమేం లేదు బాబూ. అందరికంటే చివర వెళ్లేవాళ్లు కిటికీలు మూసి, తాళం వేసి, రిజిస్టర్లో సంతకం పెట్టండి. రేపు పొద్దున ఆరింటికి వచ్చి తెరవాల్సిందీ వాళ్లే."

ఒకమ్మాయికి బస్సు గుర్తొచ్చింది. వెనక ముగ్గురికి తలనొప్పి. ఇంకో క్షణంలో గుమ్మం దగ్గర తోపులాట. ఉపన్యాసకుడు కాలర్‌కి మైకుతోనే గేటు దాకా పోయి, అక్కణ్ణుంచి దాన్ని ఎవరిచేతో పంపించాడు. రెండు నిమిషాల్లో నలభై కుర్చీలూ ఖాళీ.

"ఎవరూ చెప్పకుండానే ఎంత చక్కగా ముగిసిందో!" అంది నిర్వాహకురాలు, ఆయన కంటే ముందు గడప దాటుతూ.

తాళం వేసి పరుగెత్తాడు. ఆసుపత్రి గదిలో అడుగుపెట్టేసరికి నర్సు చివరి చుట్టు విప్పుతోంది. భార్య కన్ను చికిలించి, తేరిపార చూసి, చెల్లెలి వైపు తిరిగింది.

"ఎవరే ఈ పెద్దాయన?"

"నేనేనే!"

"అయ్యో రాత! జుట్టంతా ఎప్పుడు తెల్లబడింది? ఆ గుండీ పెట్టుకోండి. గడ్డం గీసుకోవడానికేం రోగం? ఇటు, వెలుతురులోకొచ్చి కూర్చోండి."

గంటాయన గుండీ పెట్టుకుని, చూపించిన చోట కూర్చున్నాడు.