మా అత్తకు కుట్టిన బనియన్ టాపు

మా మేనత్తకు ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేసిన కొన్ని నెలలకు, ఆవిడ కోడలు నాకు ఒక ఆది జాకెట్టు పంపించింది. రేపల్లె నుంచి తెనాలి వచ్చే తెలిసినవాళ్ళ చేతికి సంచి ఇచ్చి, ఆనక ఫోన్ చేసి చెప్పింది.

"పట్టుముక్క కూడా పెట్టానే. ఎప్పట్లాగే కుట్టు. పిల్లని చూసుకోటానికి బాపట్ల వాళ్ళు వస్తున్నారు."

ఎప్పట్లాగేనట! నాకు ఒళ్ళు మండిపోయింది. మా వైపు ఆడవాళ్ళు టేపు పట్టించుకుని కొలతలు ఇవ్వటం తక్కువ. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇచ్చేస్తారు. దాన్ని బట్ట మీద పరిచి సుద్దతో గీసుకుని కోసేయడమే. మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు. నేను తెనాలిలో చీరలకు ఫాల్సు, పీకోలు కుట్టే చిన్న కొట్టు నడుపుతూ, జాకెట్లన్నీ అలాగే కుట్టాను. కానీ ఈ జాకెట్టు ఆపరేషన్‌కి ముందుది. రోజూ అత్తకు అన్నం పెట్టే మనిషి ఆ ఒంటిని ఒక్కసారి కళ్ళెత్తి చూసి ఉంటే ఈ సంచి పంపేది కాదు.

మర్నాడు కొట్టు కట్టేసి రేపల్లె పాసింజరు ఎక్కాను.

అత్తవాళ్ళ ఊరు అడవులదీవి. మామయ్య పోయాక రేపల్లె వచ్చి, మార్కెట్లో ఎండుచేపలు అమ్మి కొడుకుని పెంచింది. నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, ఉప్పుచేప ముందు పోసుకుని గోనె మీద కూర్చుంటే బజారు సగం ఆవిడ గొంతుతోనే నిండేది. అలాంటి మనిషిని గుంటూరు ఆసుపత్రి నుంచి తెచ్చినప్పటి నుంచి వెనక గదిలో ఉంచారు. జబ్బు సంగతి బయటికి పొక్కితే, ఇది వంశంలోనే ఉందని మనవరాలికి సంబంధాలు రావని వాళ్ళ భయం. అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెబుతున్నారు.

నేను వెళ్ళేసరికి అత్త నైటీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి వాచి, కుడిచేతికి ఒకటిన్నర రెట్లు ఉంది. ఏ జాకెట్టు చెయ్యీ దానికి ఎక్కదు.

"బజార్లో నా చోటు పోద్దే," అంది నన్ను చూడగానే. ఒళ్ళెలా ఉందని అడిగిన దానికి అదీ జవాబు. "ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచుతారు? ఎవత్తో వచ్చి గోనె పరుస్తది. ఈ నైటీ ఏసుకుని ఎట్టా పోను?"

తలుపు గడియ పెట్టి టేపు తీశాను. కాసేపు ఒప్పుకోలేదు. తర్వాత తువ్వాలు తీసేసింది.

"చూడు, ఉప్పుచేపకి గాటెట్టినట్టు ఎట్టా పెట్టారో," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మచ్చ చంక కిందికి పాకి, అక్కడి చర్మం బిగుసుకుపోయి ఉంది. జాకెట్టు కుట్టు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. పట్టు కాదు కదా, నూలు గుడ్డ కూడా పనికిరాదు. సాగే బట్ట కావాలి.

పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక విదేశీ కుట్ల పుస్తకం నా దగ్గర ఉండేది. అందులో బనియన్ గుడ్డతో కుట్టే టాపుకి ప్యాట్రన్ కాగితం ఉంది. రకరకాల సైజుల గీతలు ఒకదాని మీద ఒకటి పడి, చిక్కుపడ్డ వలలా ఉండేది. పలచటి కాగితం పరిచి నాకు కావాల్సిన గీతను ఎత్తి గీసుకున్నాను. తీరా చూస్తే అది సగమే. అన్ని ప్యాట్రన్లూ అంతే, సగమే ఇస్తారు. బట్టను మడిచి కోస్తే రెండో సగం దానంతటదే వస్తుంది. మనిషికి రెండు పక్కలా ఒకేలా ఉంటుందని ఆ గీసినవాళ్ళ ధీమా. మా అత్తకు అది కుదరదు. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి విడివిడిగా గీశాను. ఎడమ చెయ్యి వెడల్పు చేసి, పక్క కుట్టును మచ్చ నుంచి వెనక్కి జరిపాను. తల మీంచి తొడుక్కోవాలంటే చెయ్యి లేవదు కాబట్టి, ముందు చీల్చి టిచ్ బటన్లు పెట్టాను.

మెరూన్ రంగు బట్ట. చీర కింద వేసుకుంటే మోచేతుల జాకెట్టులాగే కనపడాలని నా ఆలోచన. మామూలు మిషన్ మీద కుట్టి తీసుకెళితే, అత్త చెయ్యి కదిపేసరికి చంక దగ్గర దారం టప్పున తెగింది. బట్ట సాగింది, కుట్టు సాగలేదు. సిగ్గేసింది. తెనాలి తెచ్చి మొత్తం విప్పి, పీకో మిషన్ మీద సన్నటి జిగ్‌జాగ్ వేశాను. లోపల ఎడమ పక్క ఒక జేబు కుట్టి, చిన్న గుడ్డసంచిలో రాగులు పోసి అందులో పెట్టాను.

అత్త ఆ సంచిని అరచేతిలో పెట్టుకుని, ఎండు రొయ్యలు తూచినట్టు పైకీ కిందికీ ఆడించింది.

"ఇంకో గుప్పెడు పొయ్యి. కుడిదానికి తూగట్లా."

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ ఇంట్లో అంత నవ్వు విని కోడలు తలుపు దగ్గరికి వచ్చి చూసింది.

మర్నాడే అత్త టాపు వేసుకుని, పైన చీర కట్టుకుని మార్కెట్‌కి వెళ్ళింది. ఎవరూ తేడా కనిపెట్టలేదు. చోటు అలాగే ఉంది. వారంపాటు బజారంతా ఆవిడ గొంతే. నాకు పక్కింటి ఫోన్ నుంచి ఫోన్ చేసి, "అమ్మాయ్, చంక ఒరుసుకోట్లేదే" అని చెప్పింది. నా చేతి పనికి అంతకంటే మంచిమాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

తర్వాత మా బావ, అంటే అత్త కొడుకు, మాన్పించేశాడు. విషయం తెలిసి నేను వెళ్ళి అడిగితే గయ్యిమన్నాడు.

"అమ్మ నోరు నీకు తెలీదా? ఎవరో ఇన్నాళ్ళు కనపడలేదేంటంటే, ఆపరేషనయ్యింది, ఒకటి తీసేశారని చెప్పేసింది. బజార్లో! రేపు బాపట్ల వాళ్ళ చెవిన పడితే?"

"జబ్బు చేయటం తప్పా బావా?"

"నీకేం, కుట్టిచ్చి పోతావ్. పిల్ల పెళ్ళి నువ్వు చేస్తావా?"

పట్టు జాకెట్టు ఎటూ కుట్టలేదు కనక, పెళ్ళిచూపుల రోజు అత్తను పక్కింట్లో కూర్చోబెట్టారు. ఈ టాపు వేసుకుని ముందు గదిలో కూర్చుంటుందని నేనంటే, "బనియన్ ఏసుకున్న ముసల్దాన్ని చూపించమంటావా" అంది కోడలు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆశ్చర్యం ఏమిటంటే, అత్త నన్నే ఊరుకోమంది. పెళ్ళయ్యేదాకానే కదే, తర్వాత నా చోటుకి నేను పోతా, అంది. బజార్ని ఏలిన మనిషి, కొడుకు గుమ్మంలో గొంతు తగ్గించి మాట్లాడింది. అది నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

పెళ్ళి బాపట్లలో జరిగింది. అత్తను తీసుకెళ్ళలేదు.

ఆషాఢానికి కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి వచ్చిందని తెలిసి, ఇక అత్తకు అడ్డేముందని రేపల్లె వెళ్ళాను. మార్కెట్ మీదుగానే నడిచాను. అత్త చోటులో ఎవరో ఒకావిడ గొడుగు పాతి, పరదా పట్టా పరిచి, ఎండుచేపలు పోసుకుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే పెళ్ళికూతురు ఎదురొచ్చింది. ఒంటి మీద మెరూన్ టాపు. ఎడమ చెయ్యి కుడిచేతికి సమానంగా బిగించారు. టిచ్ బటన్లు ఊడదీసి ముందు కుట్టేశారు. మెడ చుట్టూ పూసలు. లోపలి జేబు విప్పేసిన చోట, ఎడమ పక్కన సూది పడిన సన్నటి చిల్లుల వరస పైకి కనపడుతోంది.

"ఎలా ఉంది పిన్నీ? బాపట్లలో ఆల్టర్ చేయించా. భలే కుదిరింది కదా!"

"నానమ్మదే అది."

"నానమ్మే ఇచ్చింది. ఇంకెక్కడికెళ్తా, ఉంచుకోమంది."

ఆ పిల్ల కల్మషం లేకుండానే చెప్పింది. పెళ్ళయ్యాకైనా నానమ్మ బయటికి వెళ్ళొచ్చన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఇక కొత్త అల్లుడి పరువు ఉంది, రేపు పుట్టబోయేవాళ్ళ పరువు ఉంటుంది. నాకు ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. మంచినీళ్ళిస్తే కూడా తాగకుండా వెనక గదిలోకి వెళ్ళాను.

అత్త నైటీలో, తువ్వాలు కప్పుకుని మంచం మీద ఉంది. చెయ్యి ఇంకా వాచింది. నన్ను చూసి పక్కకి జరిగి కూర్చోమంది.

"మార్కెట్ మీంచే వచ్చావా?"

"అవునత్తా."

"నా చోటులో ఎవరన్నా కూర్చున్నారా?"

చెప్పకుండా ఉండలేకపోయాను. "ఎవరో కూర్చున్నారత్తా."

అత్త తువ్వాలు సర్దుకుంది.

"కూర్చోనీలే," అంది. "ఖాళీగా ఉంటే కుక్కలు పడుకుంటాయి."