బెల్లు లేకుండా దిగిన మలుపు

మేకలవ్వ పోయిందని బుధవారం పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేశాడు. నేను ఆఫీసుకని తిరువళ్ళూరు రైల్లో నిలబడి ఉన్నాను. "అమ్మ పోయిందన్నా. ఆ పొద్దు నువ్వు ఎత్తుకోని ఆస్పత్రికి పోకుంటే అప్పుడే పోయుండేది. ముందర నీకే చెప్పల్లనిపించింది" అన్నాడు. తరువాతి స్టేషన్లో దిగి, తిరుత్తణికి తిరుగు రైలెక్కాను.

అవ్వ నాకు చుట్టం కాదు. తిరుత్తణి వెనక కొండమీద ఆమె మేకలు మేపేది. నేను ఆదివారాలు అదే కాలిబాటలో కొండ సైకిలు తొక్కేవాణ్ణి, లావు చక్రాలూ గేర్లూ ఉన్నది. నలభై దాటినవాడికి ఇదేం పిచ్చని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ బాట నా ఒక్కడిదీ కాదు. మేకలు నడుస్తాయి, ఆకు కోసేవాళ్ళు నడుస్తారు, మొక్కుబడి ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా నడుస్తారు.

మొదటిసారి ఆమె వెనకాల చేరి బెల్లు గణగణ కొట్టాను. మేకలు తప్పుకోలేదు సరికదా, మంద మందంతా నా సైకిలు చుట్టూ మూగింది. ఒకటి ముందు చక్రం వాసన చూసింది. అవ్వ నడుం పట్టుకుని నవ్వింది.

"వాటికి ముందర నడిచే పోతు మెళ్ళో గంట ఉంటాది నాయనా. నువ్వే వాటి పెద్దవనుకున్నాయి. ఇంగ పో, మేపుకో!"

అప్పుడే పాఠం కూడా చెప్పింది. "మేకలకైతే నోటితో కేకెయ్యి. మనిషికైతే మలుపుకి ఇవతలే ఒకతూరి బెల్లు కొట్టి, కాలు కింద పెట్టు. బెల్లు కొట్టేది తప్పుకోమని కాదబ్బా, నేను వస్తా ఉండానని. తిరిగి చూసేదానికి మనిషికి రవ్వంత పొద్దు ఇయ్యి."

తరువాత నా బెల్లు ఎక్కడ వినబడినా ముందు ఆమె గొంతు వచ్చేది: "రా నాయనా, దారుండాది!" దగ్గరికి వెళ్తే కొంగులోంచి నాలుగు సీతాఫలాలు తీసి, పండినది ఏదో నొక్కి చూసి మరీ ఇచ్చేది. ఊరికే ఉండలేక నా బెల్లు తనే ఒకసారి మోగించి, మేకలు తలెత్తి చూస్తే మురిసిపోయేది. ఒక్కో మేకనూ పేరు పెట్టి తిట్టేది. నన్ను కూడా తిట్టేది, ఎండన పడి ఆ తొక్కుడేమని. మా అమ్మ పోయాక నన్ను అలా తిట్టినవాళ్ళు లేరు.

కొత్త సైకిలు కొన్నాక నాకు తెలివి ఎక్కువైంది. కొండ దిగడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్ లెక్కగట్టి చెప్పేది. బెల్లు కొడితే మేకలు మూగుతాయి, మేకలు మూగితే ఆలస్యం. అందుకని బెల్లు ఊడదీసి ఇంట్లో అలమరలో పెట్టాను. మేకలకు కూడా అదే మంచిదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ ఆదివారం అవ్వ వెంట మేకలు లేవు. తలమీద ఆకు మోపుతో మలుపు తిరుగుతోంది. నేను చప్పుడు లేకుండా దిగుతున్నాను. ఆమె నన్ను చూసేసరికి మా మధ్య రెండు బారల దూరం కూడా లేదు. పక్కకు అడుగేసింది, రాళ్ళు జారాయి, పడిపోయింది. నా హ్యాండిలు ఆమెకు తగిలిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తగల్లేదని ఎన్నిసార్లు అనుకున్నానో, తగిలిందనీ అన్నిసార్లే అనుకున్నాను.

తుంటి విరిగింది. నేను ఎత్తుకోబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "రాయి జారి పడినానని చెప్తా. నువ్వేం మాట్లాడొద్దు. పిల్లోళ్ళు గలోడివి, కేసని తిరగొద్దు" అంది. నేను మాట్లాడలేదు. ఆస్పత్రిలో ఆమె కొడుకు రెండు చేతులూ జోడిస్తే, ఆ దండం కూడా పుచ్చుకున్నాను.

ఆ తరువాత ఆమె కొండెక్కలేదు. వాకిట్లో మంచమేసుకుని పడుకునేది. వీధిలో ఏ సైకిలు పోయినా ఉలిక్కిపడి మెడ తిప్పేది. ఒకే ఒక్కసారి అడిగింది: "బెల్లు యాడ పెట్టినావు నాయనా?" ఇంట్లో ఉందన్నాను. "ఇంట్లో ఉండి అదేం జేస్తాది?" అంది. కోపంగా కూడా అనలేదు. చివరికి రొమ్ములో నెమ్ము చేరి ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. మంచాన పడకపోతే నెమ్ము చేరేదా అని నన్ను తప్ప ఎవరూ అడగలేదు.

బెల్లు మళ్ళీ బిగించాను. ఆ మలుపుకి ఇవతలే కొట్టి, కాలు కింద పెట్టి ఆగుతాను. ఎవరూ పలకరు. అయినా దిగేటప్పుడు పక్కన ఎవరో నాకు దారి ఇవ్వడానికి ఒదిగి నిలబడ్డట్టే ఉంటుంది. అటు చూడ్డానికి భయం నాకు.

ఇదంతా ఇక్కడి మన తెలుగువాళ్ళ పత్రికకని రాశాను. ఇన్నాళ్ళకు ఒప్పుకున్నానని గుండె కాస్త తేలికైంది కూడా. మా ఆవిడ చదివి కాగితాలు నా ఒళ్ళో పడేసింది.

"అవ్వ కొడుకు చదివింది అరవంలో. తెలుగు మాట్లాడేదే గానీ ఒక అక్షరం రాదు. ఆయనకు చదివేకి రాని దాంట్లో రాసేసి, ఒప్పుకున్నానంటే ఎట్లండీ?"

నిన్న సాయంత్రం కాగితాలు తీసుకుని వెళ్ళాను. అతను వాకిట్లో మేకలకు వేపకొమ్మలు కడుతున్నాడు. అవ్వ గురించి రాశాను, వింటావా అన్నాను. "సదువన్నా" అని పని చేసుకుంటూనే ఉన్నాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి అతని చేతులు ఆగిపోయాయి. నేను ఆపకుండా చివరిదాకా చదివాను. తిడతాడనుకున్నాను. కొడితే కొట్టనీ అనుకున్నాను. అతను చేతిలోని కొమ్మ కింద పెట్టి కూర్చున్నాడు.

"ఇంగొకతూరి సదువన్నా" అన్నాడు, తలెత్తకుండా. "అంతా వద్దు. అమ్మ మాట్లాడిండేది మాత్రం."