దర్శకుడికి గురువునన్నాను

మా ఆవిడ పోయిన ఏడాది అది. ఇంట్లో మాట్లాడే మనిషి లేక, సాయంత్రాలు అనకాపల్లి స్టేషన్ రోడ్డులోని టీ కొట్టుకు వెళ్ళేవాణ్ణి. అక్కడ యాభైమంది కుర్రాళ్ళు, సరే, అయిదుగురే, ఒక దర్శకుడి కత్తియుద్ధాల పగ సినిమాల గురించి రోజూ కీచులాడుకునేవారు.

"తెల్లచీర మీద ఆ నెత్తురు సూడు బావా, బొమ్మేసినట్టుంది."

"పగ తీర్సుకోడానికి అంత సోకెందుకురా? నరికీసి ఇంటికెళ్ళిపోక."

నన్నెవరూ పలకరించేవారు కాదు. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ దర్శకుడికి కత్తిసాము నేర్పింది నేనే," అన్నాను. అరచేతి మీది మచ్చ కూడా కత్తిగాటని చూపించాను. అప్పట్నుంచి కుర్చీ నాది, తీర్పూ నాదే. ఆ సినిమాలు నేను ఒక్కటీ చూడలేదు.

ఓ సాయంత్రం వాళ్ళలో ఒకడు ఫోన్ తీసి, "తాతా, ఆ గాల్లో తన్ను ఒక్కపాలి సూపించు, వీడియో తీత్తాను," అన్నాడు. కూర్చునే కాలెత్తాను. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాను. లేవలేక, కిందనుంచే నిజం చెప్పేశాను.

"నేను బెల్లం వండినోణ్ణిరా. ఈ మచ్చ పాకం పడి కాలింది. ఆయన్నెప్పుడూ సూళ్ళేదు."

వాళ్ళు నన్ను లేపి, దుమ్ము దులిపారు.

"పెద్దోళ్ళంతే బావా, గొప్ప సెప్పుకోరు," అన్నాడు ఒకడు. మిగతావాళ్ళు తలలూపారు.

ఇప్పటికీ రోజూ వెళ్తున్నాను. గురువుగారంటూ టీ చేతికిస్తారు. బెల్లం ఎలా వండేవాడివని మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.