జైతున్‌బీ పత్తిచేను కాపలా

మా జైతున్‌బీ అక్కది మెత్తటి నోరు కాదు. పొద్దున్నే పాలు పోస్తూ, "గిన్నె కడిగావా, ఊరికే నీళ్లు తిప్పి తెచ్చావా?" అని ముఖం మీదే అడిగేది. అయినా పసిపిల్లలున్న ఇళ్లన్నీ ఆమె దగ్గరే పోయించుకునేవి. మొగుడు బతికున్నప్పుడు పాలల్లో చెంబుడు నీళ్లు కలపమని ఒకసారి సలహా ఇస్తే, ఆ పూట అతనికి కూడు పెట్టలేదట. సెంటు భూమి లేని మనిషి. మూడు గేదెలే ఆస్తి. ఆ మూడూ బతికేది ఊరి పడమటి బీడు మీద.

బీడుంటే ఏం గొప్ప అనుకునేరు. మాది మిరప, పత్తి వేసే ఊరు. ఏ గట్టున గడ్డి చూసినా పురుగుమందు కొట్టిందే. ఒకసారి చెంచయ్య చేను గట్టున మేసి ఆమె చూడి గేదె కాళ్లు తన్నుకుని చచ్చింది. అప్పటినుంచి బీడు తప్ప ఇంకెక్కడా గేదెల్ని తల వంచనిచ్చేది కాదు.

ఊరికీ గుంటూరు రోడ్డుకీ మధ్య ఉండటమే ఆ బీడు చేసుకున్న పాపం. రెండేళ్ల కిందట పంచాయతీ గోడకి నోటీసు అంటించారు. వాడకంలో లేని ఆ భూమిని ఇళ్లు కట్టే కంపెనీకి ఇస్తారట, అభ్యంతరాలుంటే అధికారులు వచ్చి చూసినప్పుడు చెప్పుకోవాలట. ఊరు ఊరంతా రోడ్డెక్కాం. ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నాం. మమ్మల్ని పట్టించుకున్న నాథుడు లేడు.

అప్పుడు చెంచయ్య రచ్చబండ దగ్గర అందరినీ పోగేశాడు. పది ఎకరాల రైతు, నలుగురూ వినే మనిషి.

"వాడకంలో లేదంటన్నారుగా. వాడి చూపిద్దాం. దున్ని పత్తి పెడదాం. పచ్చటి పైరు మీదకి ఏ కంపెనీవాడు వస్తాడో నేనూ చూస్తాను" అన్నాడు.

మా రైతు బుర్రలకి తెలిసింది ఒకటే, నాగలి పెడితే నేల మనదవుతుందని. అందరం తలూపాం. నేనూ ఊపాను.

"గేదెలు మేస్తంటే వాడకం కాదా చెంచయ్యా? మరి వాటి గతేంది?" అంది జైతున్‌బీ.

"ఒక్క పంట ఓర్చుకో అక్కా. వాళ్లు చూసి పోయినాక నీ బీడు నీదే."

చివరికి ఆమె సరేనంది. సరే అన్నాక సగం సగం చేసే మనిషి కాదు, అదే మా ఖర్మ. తొలకరికి ఇంటికింత విత్తనం వేసి పత్తి పెడితే, కాపలా తనే నెత్తినేసుకుంది. కర్ర పట్టుకుని పొద్దస్తమానం ఆ పైరు చుట్టూ తిరిగేది. ఎవరి పశువు అటు తొంగిచూసినా తరిమేది, దాని యజమానిని తిట్టిపోసేది.

ఆమె గేదెలు మాత్రం ఇంటి ముందు రాటలకే ఉండిపోయాయి. రోడ్డు పక్కన కోసుకొచ్చే మోపెడు గడ్డి మూడింటికి ఏ మూలకి? డొక్కలు ఎండిపోయాయి. అవి వట్టిపోతుంటే వాడుక ఇళ్లు ఒక్కొక్కటే ప్యాకెట్లకి మళ్లాయి. చూడలేక నేనే అన్నాను.

"ఒక్క పూట ఆ చివరికి వదులక్కా. ఎవరు చూడొచ్చారు?"

"నావి మేస్తే రేపు ఊళ్లో గొడ్లన్నీ వస్తాయి పున్నమ్మా. పైరు పోతే బీడే పోతుంది. ఆకలికి ఓర్చుకుంటాయిలే, నా గేదెలు" అంది. ఆ రోజు ఆమె కళ్లలో నీళ్లు చూశాను.

పత్తి మోకాలెత్తు పెరిగాక అధికారులు వచ్చారు. ఊరంతా అక్కడే ఉంది. పెద్దాయన పైరు వంక చూసి, "రికార్డులో ఇది పశువుల మేత భూమి. ఇక్కడ పశువులు మేస్తున్నాయా?" అని అడిగాడు.

చెంచయ్య నోరు తెరిచేలోపే జైతున్‌బీ ముందుకొచ్చింది. ఇన్నాళ్ల కష్టం ఎవరో ఒకరు అడిగారన్న సంబరం ఆమెది.

"ఒక్క గొడ్డుని కాలు పెట్టనిచ్చానా అయ్యగారూ? నా గేదెల్నే ఇంటికాడ కట్టేశాను. కావాలంటే ఊరందరినీ అడగండి."

అవునవునని అందరం వంత పాడాం. ఆయన రాయించాడు, చదివి వినిపించాడు. జైతున్‌బీ వేలిముద్ర వేసింది, కింద చెంచయ్య సంతకం పెట్టాడు. గెలిచామనుకుని ఆ సాయంత్రం బజార్లో టీలు కూడా తాగాం, సిగ్గులేని జన్మలు.

బీడుని కంపెనీకి ఇచ్చేస్తూ ఉత్తర్వు వచ్చాక దాన్ని పట్టుకుని గుంటూరు వకీలు దగ్గరికి పరిగెత్తాం. ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"మేత భూమి అన్న ఒక్క మాట మీద నిలబడితే చాలా ఏళ్లు ఆపేవాళ్లం. మేత లేదని మీరే వేలిముద్ర వేసి ఇచ్చారు. పైగా దున్నారు కాబట్టి మీరు ఆక్రమణదారులు. ఇక నేను కోర్టులో ఏం మాట్లాడను?"

కంపెనీ వాళ్ల రొట్టె విరిగి నేతిలో పడింది. వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చి, పూత మీదున్న పత్తిని మట్టిలో కలిపేసింది.

జైతున్‌బీ వచ్చి నా గుమ్మంలో కూలబడింది.

"నేను నిజమే చెప్పానుగా పున్నమ్మా?" అంది.

ఏం చెప్పను? నిజమేనంటే చస్తుంది, కాదంటే అబద్ధం.

మేపే చోటు లేక గేదెల్ని బేరం పెట్టింది. పాడికి కొనేవాళ్లు వచ్చి, ఆ ఎముకల గూళ్లు చూసి వెనక్కి పోయారు. చివరికి వచ్చింది కోతకి కొనేవాడి వ్యాను. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

గేదెలు వ్యానుకి ఆనించిన బల్ల ఎక్కకుండా మొరాయించాయి. ఇద్దరు మనుషులు తోకలు మెలిపెట్టినా కదల్లేదు. "కొట్టబాకండి, నేను ఎక్కిస్తాను" అని జైతున్‌బీ ముందుగా వ్యానెక్కింది. లోపల నిలబడి, బీడుకి తోలుకెళ్లేటప్పుడు పిలిచే పిలుపు పిలిచింది. మూడూ ఆమె వెనకే ఎక్కాయి.