ఎడమ చెవి చీలిన అడవిపందికి ఇచ్చిన ఉత్తర్వు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, నవంబరు మొదటి వారంలో, సిరుగుప్ప తాలూకా దేశనూరు వైపు సెక్షను నాకు అప్పగించారు. అప్పటికి నేను డిప్యూటీ రేంజ్ ఫారెస్ట్ ఆఫీసర్ని. పాత పేరు ఫారెస్టర్. పైన రేంజ్ ఆఫీసరు, కింద బీటు గార్డులు. ఆ సెక్షనులో చెప్పుకోదగ్గ అడవి లేదు. కాలువ కింద వరి, మెరకన పత్తి, వాగు పక్కన సర్కారు తుమ్మ. కన్నడంలో ఆ ముళ్ళచెట్టుకు మా జిల్లా పేరే పెట్టి బళ్ళారి జాలి అంటారు. ఆ పొదల్లో అడవిపందులు ఉండేవి.

కృష్ణజింక మీద రాయి విసిరినా కేసే. అడవిపంది సంగతి వేరు. పంట నాశనం చేస్తుంటే, పొలం యజమాని అర్జీ మీద, లైసెన్సు తుపాకీ ఉన్నవాడు, ఆ పొలంలోనే, ఉత్తర్వులో రాసిన గడువులోగా కొట్టవచ్చు. అర్జీకి పొలం ఎవరిదో, అందులో ఏ పంట ఉందో తెలిపే పహణీ జతచేయాలి. గుండు వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న పక్క పొలాలవాళ్ళ ఒప్పుదల పత్రాలు కావాలి. చచ్చిన పంది కాలికి మా ఆఫీసు నంబరు వేసిన రేకు బిళ్ళ కట్టి, పంచనామా రాసి, అందరి ఎదుటా కాల్చేయాలి. మాంసం ఎవరూ ముట్టకూడదు. ఈ చివరి షరతు వినగానే సగంమంది అర్జీదారులు ఇంటిదారి పట్టేవారు.

సుబ్బారావు గారు వెళ్ళలేదు. వాళ్ళ తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాడు. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. ఆయనకున్నది ఐదెకరాల వరి. కోత మిషను పదిరోజుల్లో రావాలి. పందులు రోజుకో మడి పడుకోబెడుతున్నాయి.

“మిషను వచ్చేసరికి కోయడానికి ఏదన్నా మిగలాలి కదండీ” అన్నారు.

అర్జీలో ‘ప్రాణి వివరాలు’ అని ఒక గడి ఉంటుంది. నాకు ముందు పనిచేసినవాళ్ళు అందులో ‘కాడుహంది’ అని కన్నడంలో ఒక్క ముక్క రాసి వదిలేవారు. అంటే అడవిపంది. నేను సండేస్కూల్లో వాక్యం కంఠతా పెట్టినవాణ్ణి. ఒక్క మాట తప్పితే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవారు. గడి ఉందంటే పూర్తిగా నింపాలి. పైగా వేరే ఊళ్ళో ఒకే బిళ్ళ చూపించి మూడు పందులను కొట్టారని విన్నాను. అందుకని, “ఏ పంది?” అని అడిగాను.

సుబ్బారావు గారు నన్ను ఎగాదిగా చూశారు. “ఏ పంది ఏంటండీ? వచ్చే పంది!”

“గుర్తులు చెప్పండి.”

“ఎడమ చెవి చీలిన మగది ఒకటుంది, అదే ముఠా నాయకుడు. దాన్నే రాసుకోండి. వాళ్ళ నాన్న పేరు మాత్రం నాకు తెలీదు.”

తండ్రి పేరుకు గడి లేదు. మిగతాది రాసుకున్నాను. ‘పైన వివరించిన ప్రాణిని మాత్రమే’ ఏడు రోజుల్లో కొట్టాలని ఉత్తర్వు వచ్చింది.

పక్క పత్తిచేను ఈరన్నది. అంతకుముందు ఒకసారి పందిని చూడడానికి వచ్చిన జనం విచ్చిన పత్తిని తొక్కేశారట. ఒప్పుదల పత్రంలో ఆయన తన షరతు తనే చెప్పి రాయించాడు: “గుండు వస్తే రానీ సార్. మనిషి మాత్రం ఒగడు కూడా నా గట్టు దాటేది లేదు.” నేను అక్షరం మార్చకుండా రాసి సంతకం పెట్టించుకున్నాను.

లైసెన్సు తుపాకీ ఉన్నది దేవసహాయం అన్నకు. ఆయన మా చర్చి సంఘ పెద్ద. దోణిమలై ఇనుప గనిలో ముప్పై ఏళ్ళు బండలు పేల్చే పనిచేసి రిటైరయ్యాడు. గురి తప్పనివాడు, మాట తప్పనివాడు. ఉత్తర్వును మూడుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మొదటి రోజు తెల్లవారగానే మంచె ఎక్కి, తల వంచి ప్రార్థన చేసి, తుపాకీ అందుకున్నాడు. కాసేపటికి వరి కదిలింది. నల్లటి వీపులు నాలుగు కనిపించాయి. అన్న గురి చూశాడు, మళ్ళీ దించేశాడు.

కింద నుంచి సుబ్బారావు గారు, “కొట్టండి, కొట్టండి!” అని గుసగుసలాడారు.

“చెవి కనపడల్యాప్పా.”

రెండో రోజూ చెవి కనపడలేదు, మూడో రోజూ కనపడలేదు. వరి నడుమెత్తున ఉంది. పంది తల దించుకుని తింటుంది. నాలుగో రోజుకు సుబ్బారావు గారికి ఓపిక నశించింది. “ఆ పంది తలెత్తి నమస్కారం పెడితే గానీ కొట్టరా ఈయన?” అని నన్నడిగారు.

నేను మంచె ఎక్కి, పందులన్నీ ఒకే పంట తింటున్నాయి, ఏది కొట్టినా ఒకటేనని అన్నకు నచ్చజెప్పబోయాను.

“రాసింది నువ్వే కదా తమ్ముడూ. గనిలో మూడో నంబరు బెజ్జం అని రాసిస్తే ఎప్పుడన్నా నాలుగోది పేల్చినామా? రాసినదానికి కలపొద్దు, తీసేయొద్దు అని ఆదివారం సంఘంలో చెప్పేది యారప్పా, నేనా?”

ఆదివారం వాక్యం చెప్పేది నేనే. మంచె దిగిపోయాను. అక్షరం చంపుతుందనే బైబిలు మాట ఎన్నో ప్రసంగాల్లో విన్నాను. దేశనూరులో మాత్రం అక్షరం ఐదు రోజులు పందులను కాపాడింది. అప్పటికి రెండెకరాల వరి నేలకు కరుచుకుపోయింది.

ఉత్తర్వులో ఒక్క మాట కొట్టేసే అధికారం నాకు లేదు. ఆరో రోజు రేంజ్ ఆఫీసుకు వెళ్ళి, పొరపాటు నాదేనని రాసిచ్చి, వివరాలు రద్దు చేసి ‘ఒక అడవిపంది’ అని సవరించమని కోరాను. ఆఫీసరు చిన్న వయసువాడు. పంది చెవిని రద్దు చేయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడు. అయినా సాయంత్రానికి సవరణ ఉత్తర్వు ఇచ్చాడు.

ఏడో రోజు తెల్లవారింది. అన్న కొత్త ఉత్తర్వును కూడా మూడుసార్లు చదివాడు. వరిలో మళ్ళీ నాలుగు వీపులు.

“ఒగటి అని ఉండాది. ఏది?” అని అడిగాడు.

“ఏదో ఒకటి!” అని నేనూ సుబ్బారావు గారూ ఒకేసారి అన్నాం.

అన్న కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేశాడు. కళ్ళు తెరిచి కాల్చాడు. ఒక పంది వరి చీల్చుకుంటూ పరుగెత్తి, గట్టు దాటి, సరిగ్గా ఈరన్న పత్తిలో పడింది. మిగతావి వాగు వైపు పారిపోయాయి.

మేం గట్టు చేరేసరికి ఈరన్న కట్టె పట్టుకుని అవతల నిలబడి ఉన్నాడు. “ఆడనే నిలబడండప్పా! నేను రాసిచ్చిందేంది?”

“పంది రావచ్చని కూడా రాయలేదు కదయ్యా” అన్నారు సుబ్బారావు గారు.

“అది చెప్పి వచ్చిందా నాకు? నిన్ను మాత్రం రానీను.”

పత్రం నా ఫైల్లోనే ఉంది. ఈరన్న మాటే న్యాయం. రేకు బిళ్ళ, తీగ గట్టు మీదుగా అందించాను. ఆయన సణుగుతూనే వెళ్ళి పంది వెనక కాలికి బిళ్ళ కట్టాడు. తలవైపు వంగి చూసి అక్కడి నుంచే కేకేశాడు.

“సార్! దీని ఎడమ చెవి చీలి ఉండాదే!”

దేవసహాయం అన్న గట్టు మీద కూలబడ్డాడు. “అయితే దినామూ వస్తాండింది ఇదేనేమో తమ్ముడూ. తలకాయ వరిలో పెట్టుకోనుంటే నేనెట్ల చూసేది?”

ఈరన్న తాడు కట్టి, పత్తి మొక్కలు విరగకుండా సాలు వెంట ఈడ్చుకొచ్చి పందిని మా వైపు దొర్లించాడు. చూసింది చూసినట్టు, చెవితో సహా, పంచనామా రాసి కాల్పించాను. మిగిలిన పందులు కోతలయ్యే దాకా అటు రాలేదు. మిషను మూడెకరాలు కోసింది.

కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. మొదటి ఉత్తర్వులో వివరించిన ప్రాణినే కొట్టినప్పుడు సవరణ ఉత్తర్వు అవసరం ఎందుకు వచ్చిందో వివరణ ఇవ్వాలన్నారు. ‘బతికి ఉండగా చెవి వరిలో ఉంది, చనిపోయాక కనపడింది’ అని రాసి పంపాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

మిగిలిన రెండేళ్ళూ ఆ గడిలో ‘కాడుహంది’ అని ఒక్క ముక్కే రాశాను. ఇంకేమైనా రాయాల్సి వస్తే పొలం సర్వే నంబరు, హద్దులు రాశాను. అవి తల దించుకోవు. ఉత్తర్వు కోసం వివరాలు రాసేవాడు ముందుగా ఒకసారి ఆ మంచె ఎక్కి, అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో చూసి రావాలి. నేను చూసి రాలేదు. దానికి సుబ్బారావు గారి రెండెకరాలు పోయాయి.