మార్వా ముట్టుకున్న కర్ర

ఏప్రిల్ వచ్చిందంటే మార్వా హెన్‌హాక్ ఒక చోట కూర్చోదు. ఎరీనాలో చలికాలపు ఆటలకు పరిచిన మంచు కరిగించి అడుగున ఉన్న సిమెంటు నేల బయటపెట్టిన రోజు మొదలు, తలకు వల ఉన్న కర్రలతో బంతి ఆడే లాక్రోస్‌లో పిల్లల లీగు తొలి ఆట జరిగే శనివారం దాకా, ఆవిడ తిండి కూడా నిలబడే తింటుంది. ఇరవై రెండేళ్ళుగా మా ఆదివాసీల ఊరు ఒష్వేకెన్‌లో పిల్లల జట్ల సామాన్లు చూసేది ఆవిడే. హెల్మెట్లు, భుజాల ప్యాడ్లు, గోలు కాసే గోలీలు కాళ్ళకు కట్టుకునే లావుపాటి తొడుగులు, ప్లాస్టిక్ కర్రలు, అన్నీ ఆవిడ ముందుగదిలోనే. ఎవరైనా చుట్టాలొస్తే ఒక హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకునే కూర్చోవాలి. ఈ పని చెయ్యమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, మానమని చెప్పే ధైర్యం అంతకన్నా ఎవరికీ లేదు.

ఈ ఏడు ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. జనవరిలో ఆవిడ భర్త లైమన్ పోయాడు. ఇల్లు ఖాళీగా ఉంటే ఓర్చుకోలేక, తుడిచిన ప్యాడ్లే మళ్ళీ తుడుస్తూ, కట్టిన మూటలే విప్పి మళ్ళీ కడుతూ, కాలుగాలిన పిల్లిలా ఆ మూడు గదుల్లో తిరిగేది.

లైమన్ చెక్క కర్రలు చేసేవాడు. హికరీ అనే గట్టి చెట్టు దుంగ చీల్చి, ఆవిరి పట్టి, వంచి, నెలల తరబడి ఆరబెట్టి, చెక్కి, తలకు తోలు తాళ్ళతో వల అల్లేసరికి ఏడాది దాటేది. ఆ చెక్క కర్రను ఆడవాళ్ళు ముట్టుకోరు. ప్లాస్టిక్ వాటికి ఆ పట్టింపు లేదు, మా ఆడపిల్లలు వాటితోనే ఆడతారు. చెక్కది వేరు. ఆట సృష్టికర్తది, ఆ కర్రలో మగవాళ్ళ బలం ఉంటుంది, ఆడవాళ్ళ బలం వేరే ఉంది, రెండూ కలిస్తే ఆ కర్ర ఇక ఆటకు పనికిరాదు. మా అమ్మలు మాకు చెప్పింది ఇంతే, మేమూ అంతకు మించి అడగలేదు.

నలభై ఒక్కేళ్ళ కాపురంలో మార్వా ఒక్క కర్రనూ ముట్టుకోలేదు. వంటింటి గుమ్మానికి అడ్డంగా ఏదైనా కర్ర పడి ఉంటే దాటేది కాదు, కాలితో జరిపేది కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఇల్లెగిరిపోయేలా అరిచేది.

"లైమన్! నా సవతి గుమ్మంలో పడుకుంది, వచ్చి లేపు!"

"వస్తున్నానే. అదైనా నోరు మూసుకుని పడుకుంది," అంటూ లైమన్ నవ్వుకుంటూ వచ్చి తీసేవాడు.

అలా సవతి అన్న పేరే స్థిరపడిపోయింది. ఆయన షెడ్డులో ఆలస్యం చేస్తే, "సవతి దగ్గరున్నాడు" అని మాతో చెప్పి మూతి తిప్పేది. లోపల ఎంత మురిసిపోయేదో మాకు తెలియనిది కాదు.

పోయిన అక్టోబరులో లైమన్ ఒక గోలీ కర్ర పూర్తి చేశాడు. అది మనవడు ఎల్లిస్ కోసం. ఎల్లిస్ మార్వా కూతురి కొడుకు, పన్నెండేళ్ళవాడు, ఈ ఏడే మొదటిసారి గోలు ముందు నిలబడబోతున్నాడు. ఆ వయసు పిల్లల్లో గోలీకి తప్ప ఇంకెవరికీ లీగువాళ్ళు చెక్క కర్ర ఒప్పుకోరు. అందుకే వాడు గోలీ అవుతానన్నాడని మా అందరి అనుమానం. తాత ఆ కర్రను షెడ్డులో మేకుకు తగిలించి, "తొలి ఆట రోజునే దించాలి. అప్పటిదాకా దాని జోలికెళ్ళావో, వీపు విమానం మోత మోగిస్తా," అన్నాడు. తర్వాత ఆయనే పోయాడు. ఆయన సొంత కర్రను ఆయన పక్కనే పడుకోబెట్టి సాగనంపాం. మిగతావి ఎవరివి వాళ్ళకు చేరిపోయాయి. మేకుకున్న ఆ ఒక్కటే మిగిలింది. ఎల్లిస్ రోజూ బడి బస్సు దిగి షెడ్డులోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు దాన్ని చూసి వెళ్ళేవాడు.

షెడ్డు కప్పు బాగుచేస్తానని డెల్మర్ ఫిబ్రవరి నుంచీ అంటున్నాడు. డెల్మర్ లైమన్ తమ్ముడు, ఎల్లిస్ జట్టుకు కోచ్ కూడా అతనే. మనిషి వెన్నే గానీ, ఏ పని చెప్పినా రేపంటాడు. తొలి ఆట ఇంకా రెండు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం, ఆకాశం చిల్లుపడ్డట్టు వాన మొదలైంది. షెడ్డులో కప్పు సరిగ్గా ఆ మేకు మీదే కారుతోంది. మార్వా ఫోను అందుకుంది.

"డెల్మర్, కప్పు కారుతోందయ్యా. కర్ర తడుస్తోంది, త్వరగా రా."

"దార్లోనే ఉన్నా వదినా."

"ఏ దారి? వెనకాల టీవీ మోగుతోంది నాకు వినపడట్లేదనుకున్నావా?"

"అబ్బ, బూట్లేసుకుంటున్నానమ్మా తల్లీ!"

మార్వా షెడ్డులోకి పరిగెత్తింది. తోలు వల మీద బొట్లు పడుతున్నాయి. తడిస్తే వల సాగిపోతుంది, చెక్క మెలిక తిరుగుతుంది. బకెట్టు పెడితే నేల ఆగుతుంది గానీ కర్ర ఆగదు కదా. రోడ్డు మీదికెళ్ళి అటూ ఇటూ చూసింది. మగపురుగు లేదు. చీపురుతో మేకు మీంచి తప్పిద్దామని చూసింది. కింద మడుగు ఉంది, పడితే అందులోనే పడుతుంది. ఒలికిపోతున్న పాలకుండను చూస్తున్నట్టు చూస్తూ నిలబడింది. ఇంతలో కప్పు మీద పాత తారు అట్ట చిరిగి, నీళ్ళు ధారగా దాని మీద పడ్డాయి.

ఆలోచించలేదు. చేతులే వెళ్ళాయి. కర్రను దించి, గుండెలకు హత్తుకుని, గది అవతలి మూలకు తీసుకెళ్ళి, పొయ్యి గొట్టం పక్కన పొడిగా ఉన్న మేకుకు తగిలించింది. అప్పుడు చూసుకుంది చేతుల వంక. చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

గంట తర్వాత డెల్మర్ నిచ్చెనతో వచ్చాడు. మొహం తుడుచుకుంటూ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఇదేంటి, కర్ర ఇటొచ్చింది? ఎల్లిస్‌గాడు తీశాడా?"

"వాడు బడిలో ఉన్నాడు."

"మరెవరు?"

"నాకేం తెలుసు?" అంది మార్వా.

డెల్మర్ పాత మేకు వంక చూశాడు, దాని కింద మడుగు వంక చూశాడు. మార్వా ముట్టుకుని ఉంటుందన్న ఊహే అతనికి రాలేదు. నలభై ఒక్కేళ్ళుగా తెచ్చుకున్న పేరు మరి. మెల్లగా టోపీ తీశాడు.

"మా అన్నే వదినా. బతికుండగా దీని మీద చినుకు పడనిచ్చాడా? ఇప్పుడు మాత్రం ఊరుకుంటాడా?" అన్నాడు. అతని కళ్ళు నిండిపోయాయి.

అప్పుడైనా చెప్పేయొచ్చు. మార్వా వెళ్ళి ధార కింద బకెట్టు పెట్టింది. ఒక అబద్ధం, అదీ రెండే రెండు మాటలు. దాని మీద డెల్మర్ క్షణంలో గుడి కట్టేశాడు.

శుక్రవారం ఎల్లిస్ బస్సు దిగుతూనే పరిగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మమ్మా! తాతయ్య వచ్చాడంటగా!"

"ఎవర్రా చెప్పింది?"

"చిన్నతాత. జట్టందరికీ చెప్పేశా. అమ్మమ్మా, నీకొక్కదానికే చెప్తా, ఎవరితో అనకు. నాకు భయంగా ఉండేది. బంతి మొహమ్మీదకొస్తుంటే కళ్ళు మూసేసుకుంటున్నా. చిన్నతాత చూళ్ళేదు గానీ, నిజం. ఇప్పుడు లేదు. తాతయ్య దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడుగా, నన్నూ కనిపెట్టుకుని ఉంటాడు."

మార్వా వాడి తల నిమిరి, పని ఉందంటూ ముందుగదిలోకి పారిపోయింది. ముప్పై హెల్మెట్లకూ గడ్డం పట్టీలు లాగి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ మొదటిదాని నుంచి లాగింది. చెప్తే వాడి ధైర్యం పోతుంది. చెప్పకపోతే ఎవరికి నష్టం? ఎవరూ చూడలేదు. కానీ బలం పోయిన కర్ర పట్టుకుని గోలులో నిలబడేది తన మనవడే కదా. బంతి వాడి గొంతుకు తగిలితే? ఏమీ తగలకపోయినా సరే, వాడు నమ్ముతున్నది తాతనూ కాదు, కర్రనూ కాదు, తన అబద్ధాన్ని. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. రాత్రి భోజనం ముందు పెట్టుకుని, రెండు ముద్దలు తిని, లేచి మళ్ళీ ప్యాడ్లు తుడవడానికి పోయింది. చివరికి నోరు మూసుకోవడమే మేలని తేల్చుకుంది.

శనివారం పొద్దున ఎరీనా అంతా మొక్కజొన్న సూపు వాసన. ఆడవాళ్ళు స్ట్రాబెర్రీ పానకం కలుపుతున్నారు. డెల్మర్ బూట్ల తాళ్ళు కట్టుకోలేని పిల్లలందరి మీదా ఒకేసారి అరుస్తున్నాడు. మార్వా ప్లాస్టిక్ కర్రల సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎల్లిస్ వచ్చాడు. రెండు చేతుల్తో కర్రను తలపైకి ఎత్తి పట్టుకుని, గుంపులోంచి దారి చేసుకుంటున్నాడు.

"జరగండి, జరగండి! చెక్కది! అత్తా, చూసుకో!"

ఆడవాళ్ళు నవ్వుతూ పక్కకు తప్పుకుంటున్నారు. వాడు మార్వా పక్కగా వెళ్ళబోతూ, కర్రను జాగ్రత్తగా అవతలి చేతికి మార్చుకున్నాడు.

"అమ్మమ్మా, కాస్త వెనక్కి. నీకు తగుల్తుంది," అన్నాడు.

ఇక మార్వా వల్ల కాలేదు.

"ఎల్లిస్, ఇలా రా. బండి దగ్గరకు రా నాతో."

"ఆట మొదలవుతోందే!"

"రమ్మన్నానా!"

బండి వెనకాల, బురదలో నిలబడి చెప్పేసింది. "తాతయ్య రాలేదురా. నీళ్ళు పడుతుంటే నేనే తీశాను. ఈ రెండు చేతుల్తో."

ఎల్లిస్‌కు ముందు అర్థం కాలేదు.

"చేతులకి తువ్వాలు చుట్టుకున్నావా?"

"లేదు."

"తాతయ్య రాలేదా?"

"రాలేదు నాయనా."

వాడి మొహం చూసి మార్వా తట్టుకోలేకపోయింది. వాడు ఏడుపు ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు.

"ఎందుకు చెప్పావు? చెప్పకుండా ఉంటే అయిపోయేదిగా! ఎవరికీ తెలిసేది కాదుగా!"

"నాకు తెలుసు కదరా. నాకు తగలకుండా దాన్ని అటు మార్చుకున్నావు చూడు, ఆ తర్వాత ఎలా ఊరుకోను?"

వాడు చేతి తొడుగుతో మొహం తుడుచుకున్నాడు. చెక్క కర్రను బండికి ఆనించాడు. ఆవిడ భుజాన ఉన్న సంచీలో చెయ్యి పెట్టి, గోలీల ప్లాస్టిక్ కర్ర ఒకటి లాక్కుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

మార్వా ఆట స్థలం చుట్టూ ఉన్న అద్దానికి మొహం ఆనించి ఆటంతా చూసింది. మొదటి బంతికి ఎల్లిస్ కళ్ళు మూసుకున్నాడు. బంతి గోలు వలలో పడింది. రెండోదీ అంతే. మూడోది భుజానికి తగిలి పక్కకు పోయింది. ఆ తర్వాత కొన్ని ఆపాడు, ఎక్కువే వదిలాడు. తొమ్మిదికి నాలుగుతో ఓడిపోయారు. కానీ చివరి భాగంలో వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. అది చూసింది మార్వా ఒక్కతే.

ఆట అయ్యాక డెల్మర్ తల వంచుకుని వచ్చాడు. ఎల్లిస్ అంతా చెప్పేసినట్టున్నాడు.

"వదినా, ఆ కప్పు నేను ఫిబ్రవరిలోనే వేసుంటే ఇంత జరిగేది కాదు."

"వేసుంటే."

"తిట్టు, పడతా."

"తీరిగ్గా తిడతాలే. ముందా హెల్మెట్లు బండిలో పెట్టు."

చెక్క కర్ర ఎల్లిస్ ఆనించిన చోటే ఉంది. ఆడవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్తున్నారు, తమది కాదని మగవాళ్ళూ ముట్టుకోవడం లేదు. మార్వా కూడా పాత అలవాటుకొద్దీ రెండు బారల దూరంలో నిలబడి దానికి కాపలా కాస్తోంది. ఎల్లిస్ చెమటతో వచ్చి, దాన్ని తీసి, ఆవిడ ముందుకు చాపాడు.

"తీసుకో."

"నాకెందుకురా?"

"నేనింక దాంతో ఆడలేనుగా. ఏం చెయ్యాలో పెద్దవాళ్ళని అడుగుదామన్నాడు చిన్నతాత. నేనొద్దన్నా. నువ్వు ముట్టుకున్నావుగా, ఇంక నీదే." బురదను బూటుతో గీస్తూ మళ్ళీ అన్నాడు. "తాతయ్య ఊళ్ళో అందరికీ చేసిచ్చాడు. నీకే ఒక్కటీ లేదు."

మార్వా చేతులు వెంటనే లేవలేదు. గురువారం ఆలోచన లేకుండా దూసుకెళ్ళిన చేతులనే ఇప్పుడు కోటుకు తుడుచుకుంది. తర్వాత తీసుకుంది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. పిడి చివర లైమన్ చెక్కేటప్పుడు బొటనవేలు ఆనించే చోట చిన్న గుంట ఉంది. ఆవిడ బొటనవేలు అందులో కుదురుగా కూర్చుంది. నలభై ఒక్కేళ్ళు పక్కన పడుకున్న మనిషి పని ఎలా ఉంటుందో ఇదే మొదటిసారి చేతికి తెలియడం.

"ఓసి నా సవతీ, ఎంత నున్నగా ఉన్నావే!" అంది. ఆ మాటతో పాటే జనవరి నుంచీ ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటికి వచ్చేసింది. బండి వెనక తలుపు దించి, దాని మీద కూలబడింది.

ఎల్లిస్ పక్కనే ఎక్కి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నారు. జనం వెళ్ళిపోయారు, డెల్మర్ చివరి సంచీ తెచ్చి పెట్టి, వెళ్ళిపోయాడు.

"అమ్మమ్మా, ఇంటికెళ్ళి ఇవన్నీ దింపాలి. హెల్మెట్లు తడిసిపోయాయి, తుడవాలంటావుగా."

మార్వా కర్రను ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది.

"ఉండనీరా," అంది. "రేపు తుడుచుకుందాం."