దేవుడి గదిలో రౌటర్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. తెలియనిది ఎదురైతే మూఢనమ్మకమని కొట్టిపారేసేదాన్ని కనుక నా జ్ఞానానికి ఎప్పుడూ లోటు రాలేదు. యూనివర్సిటీలో పరిశోధన, సాయంత్రాలు క్యాంపస్ హేతువాద బృందంలో వాదనలు, తార్నాకలో ఒక ఇంటి మేడ మీద అద్దె గది. గదిలో దిగిన రోజే ఓనరమ్మకు నా సిద్ధాంతం ప్రకటించాను: "మీ పూజలకు అడ్డు రాను. కానీ మీ దేవుడి గదిలో మాత్రం జన్మలో అడుగు పెట్టను." ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నిన్నెవరు రమ్మన్నరు బిడ్డా? నెట్టు డబ్బా మా దేవునర్రలనే ఉన్నది. మరి నెట్టన్న వాడుకుంటవా, అదీ వద్దా?" అన్నది. వాడుకుంటానన్నాను. (సిద్ధాంతానికీ వైఫైకీ విరోధం లేదని అప్పటికప్పుడు తీర్పు ఇచ్చుకున్నాను.)

నా పాత కంప్యూటర్‌కు వెనక వైఫై అందుకునే చిన్న పుల్ల ఒకటి గుచ్చి ఉండేది. రోజూ పొద్దున ఓ అరగంట నెట్టు పోయేది, తర్వాత దానంతటదే వచ్చేది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. పుల్లకు పొడుగు వైరు తగిలించి కిటికీ ఊచకు కట్టాను. చివరికి కంప్యూటర్ సైన్స్ చదివే స్నేహితురాలిని పిలిచాను. గుంటూరు పిల్ల, మేమంతా 'కేబుల్' అనేవాళ్లం. ఆమె మొదటి ప్రశ్న, "నెట్ పోయినప్పుడు రౌటర్ మీద లైట్లు వెలుగుతున్నాయా?"

"నాకేం తెలుసు? అది దేవుడి గదిలో ఉంది."

"అయితే? వెళ్లి చూడవే!"

"వెళ్లనని చెప్పాను కదా."

"నీకు వైఫై ఎందుకే తల్లీ, పావురాల్ని పెంచుకో" అని టీ తాగి వెళ్లిపోయింది.

నేను శాస్త్రీయ పద్ధతికి దిగాను. నోటుబుక్కులో నెట్టు పోయిన సమయం, వచ్చిన సమయం రాశాను. రాస్తూ రాస్తూ ఒకటి గమనించాను. నెట్టు పోయిన రెండు నిమిషాలకు కింద పూజ గంట మోగుతోంది. పూజ ముగియగానే నెట్టు వస్తోంది. ఓనరమ్మ మౌలాలిలో కూతురింటికి వెళ్లిన రెండు రోజులూ పూజ లేదు, నెట్టు పోనూ లేదు. నా ఆధారాలన్నీ వరుసగా వెళ్లి దేవుడి పక్షాన నిలబడ్డాయి! నేను లొంగలేదు. ఇత్తడి గంట మోతకు తరంగాలు చెదురుతున్నాయని ఒక వాదం అల్లి నాలుగు పేజీలు రాశాను.

అప్పుడే ఒక డిగ్రీ కాలేజీ నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. శుక్రవారం, పది గంటలకు. నా ఫెలోషిప్ ఆ నెలతో ముగుస్తోంది. ఈ ఉద్యోగం రాకపోతే గది ఖాళీ చేసి, చదువు సగంలో వదిలి ఊరికి పోవడమే. కేబుల్ ఫోన్లో బతిమాలింది: "ఆ గంటసేపు పూజ ఆపమని ఆవిడ్ని అడుగు."

"అడిగితే పూజకు మహిమ ఉందని ఒప్పుకున్నట్టే కదా!"

"పోనీ, మా హాస్టల్‌కి వచ్చెయ్."

"అది దేవుడికి భయపడి పారిపోవడం!"

మామూలుగా పూజ తొమ్మిదిలోపే అయిపోతుందన్నది నా ధైర్యం. శుక్రవారం తలస్నానం ఉంటుందని, ఆ రోజు అన్నీ ఆలస్యమవుతాయని నా పుస్తకంలో లేదు; రాసిన రోజుల్లో వచ్చిన ఒకే ఒక్క శుక్రవారం ఆమె కూతురింట్లో ఉంది. పదీ పదికి, శాస్త్రీయ దృక్పథం అంటే ఏమిటని అడిగిన పెద్దాయన ముఖం తెర మీద నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయింది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. నేరుగా దేవుడి గదిలో తేలాను. ఓనరమ్మ ఒక చేతిలో రౌటర్ ప్లగ్గు, ఇంకో చేతిలో మంత్రాలు పాడే డబ్బా ప్లగ్గు పట్టుకుని ఉంది. ఎదురుగా గోడకు ఒకే ఒక్క సాకెట్.

"ఏంది బిడ్డా, చెప్పులతోని వచ్చినవ్!"

"అమ్మా, రోజూ ఆ ప్లగ్గు తీస్తారా?"

"తీయకుంటే మంత్రాలెట్ల వస్తయి? పూజ కాంగనే మళ్ల పెడ్త. అరగంటకు ఏమైతది?"

"ఇంటర్వ్యూ అమ్మా! నా ఉద్యోగం!"

"అయ్యో, ముందుగాల జెప్పొద్దా!" అని రౌటర్ ప్లగ్గు గుచ్చింది. "ఉరుకు, ఉరుకు. మంత్రాలు నేనే చదువుకుంట, నాకు నోరు లేదా?"

తెర మీద పెద్దాయన మళ్లీ కదిలాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. నోటుబుక్కు నా పక్కనే ఉంది. "కరెంటు పోయింది సార్" అన్నాను. సరిగ్గా అప్పుడే కింద నుంచి ఓనరమ్మ గొంతు, గంటతో సహా, నా గదంతా నిండిపోయింది. ఆయన కాసేపు విని, "పర్వాలేదు, నిదానంగా చెప్పండి" అన్నాడు. ఆ మోతలోనే గొంతు పెంచి శాస్త్రీయ దృక్పథాన్ని వివరించాను.

ఉద్యోగం వచ్చింది. డబ్బా లేకుండా తాను నోటితో చదవడం వల్లే వచ్చిందని ఓనరమ్మ గల్లీ అంతా చెప్పుకుంది. నేను ఖండించలేదు. ఇప్పుడు క్లాసులో పరిశీలన గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ కథే చెబుతాను. ప్లగ్గు దాకా చెప్పగానే వాళ్లు విరగబడి నవ్వుతారు, నేనూ నవ్వి పాఠంలోకి వెళ్లిపోతాను. దేవుడు లేడని అన్ని వేదికల మీద గొంతు చించుకున్న ఆ పిల్ల, ఒక ప్లగ్గు సంగతి చెప్పడానికి సిగ్గుపడి ఇంటర్వ్యూలో అబద్ధమాడిందని మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.